జిల్లాలు మారాయి, ఫైళ్లూ మారాలి: ఎక్స్‌ఎంఎల్‌ని తిరగ్గట్టడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గోదావరి డెల్టాలో ఆ మార్పు గట్టిగానే కనిపించింది. కొవ్వూరు, నిడదవోలు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి వచ్చాయి. అమలాపురం, రాజోలు కోనసీమ జిల్లాలోకి, పిఠాపురం, సామర్లకోట కాకినాడ జిల్లాలోకి వెళ్లాయి. కృష్ణా జిల్లాలో ఉండే కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది.

అంతకు ముందు తయారైన ఎక్స్‌ఎంఎల్ (సమాచారాన్ని ట్యాగుల మధ్య పెట్టి దాచే పద్ధతి) ఫైళ్లు మాత్రం పాత జిల్లాల వరసలోనే ఉండిపోయాయి. ఎరువుల డీలర్ల జాబితాలు, లైబ్రరీ కేటలాగులు, పాత బిల్లులు, ఊళ్ల చరిత్ర మీద టైపు చేయించిన పుస్తకాలు, ఏవైనా కానివ్వండి. వాటిలో సమాచారం తప్పేమీ కాదు, అది కూర్చున్న చోటు మారాలి. ఈ పనికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి: ఎక్స్‌ఎంఎల్‌ని ఇంకో రూపంలోకి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0, దాని తర్వాత వచ్చిన 3.0, ఎక్స్‌ఎంఎల్‌ని ప్రశ్నలడిగే భాష ఎక్స్‌క్వెరీ, పైథాన్ స్క్రిప్టు. కాకినాడలోనో భీమవరంలోనో ఇంటి నుంచి డేటా కన్వర్షన్ చేసేవాళ్లు, చిన్న ఆఫీసుల సాఫ్ట్‌వేర్ చూసిపెట్టేవాళ్లు వీటిలో దేన్ని పట్టుకోవాలో తేల్చుకోవడానికి ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫైల్లో వాక్యాలుంటే, లేదా ఇదే పని మళ్లీ మళ్లీ వచ్చేదైతే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0 నేర్చుకోండి. ఒక్కసారి చేసి వదిలేసే రికార్డుల పనికి పైథాన్ చాలు. 1.0 వైపు వెళ్లాల్సింది వేరే దారి లేనప్పుడే.

ముందు ఫైలు తెరిచి చూడండి

పద్ధతి ఎంచుకునే ముందు ఫైలు లోపల ఏముందో చూడాలి. ఎక్స్‌ఎంఎల్ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి రికార్డులు:

<జిల్లా పేరు="పశ్చిమ గోదావరి">
  <మండలం పేరు="కొవ్వూరు">
    <ఊరు>కుమారదేవం</ఊరు>
  </మండలం>
  <మండలం పేరు="భీమవరం">
    <ఊరు>గొల్లవానితిప్ప</ఊరు>
  </మండలం>
</జిల్లా>

రెండోది రాత:

<పేరా>పడమటి డెల్టా కాలువ <స్థలం>విజ్జేశ్వరం</స్థలం> దగ్గర మొదలై శివారు పొలాల దాకా వస్తుంది.</పేరా>

ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టుకోవడానికి ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం ఒప్పుకుంటుంది, అందుకే చదవడానికి వీలుగా ఇలా రాశాను.

మొదటి రకంలో ప్రతి విలువా తన గడిలో తాను ఉంటుంది. దాన్ని ఎక్సెల్ షీటులా ఊహించుకున్నా పెద్దగా నష్టం లేదు. రెండో రకంలో ట్యాగు వాక్యం మధ్యలోకి వచ్చి కూర్చుంది. పద్ధతుల మధ్య అసలు తేడా బయటపడేది ఇక్కడే.

పైథాన్‌తో పాటే వచ్చే ఎలిమెంట్‌ట్రీ లైబ్రరీ ఈ పేరాను ఎలా దాచుకుంటుందో చూడండి. "పడమటి డెల్టా కాలువ" అన్నది పేరా టెక్స్ట్. "విజ్జేశ్వరం" అన్నది స్థలం టెక్స్ట్. మిగిలిన "దగ్గర మొదలై శివారు పొలాల దాకా వస్తుంది" అన్న ముక్క పేరాకి చెందదు, స్థలం ట్యాగుకి తోకగా అంటుకుని ఉంటుంది. ఆ తోక సంగతి మర్చిపోయి స్థలం ట్యాగును తీసేస్తే సగం వాక్యం దాంతో పాటే పోతుంది. ఎర్రర్ రాదు, ఫైలు చక్కగా తెరుచుకుంటుంది, పేరా మాత్రం "పడమటి డెల్టా కాలువ" దగ్గర ఆగిపోతుంది. నాలుగు వందల పేజీల పుస్తకంలో దాన్ని ఎవరు పట్టుకుంటారు? ఎల్‌ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలోనూ తోక పద్ధతి ఇదే.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో ఈ గొడవ లేదు. అక్కడ వాక్యంలోని ప్రతి ముక్కా విడి నోడ్, అంటే విడిగా పట్టుకోగల భాగం. స్థలం ట్యాగు కనిపిస్తే ఇలా చెయ్యి అని ఒక టెంప్లేట్ (నియమం) రాస్తే చాలు, దాని ముందు మాటలూ వెనక మాటలూ ఎక్కడివక్కడే ఉంటాయి. రాత ఉన్న ఫైలుకి స్టైల్‌షీటే (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో రాసిన ఫైలు) మేలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఉన్నదంతా అలాగే ఉంచి, కొంచెం మార్చడం

తిరగ్గట్టే పనుల్లో చాలావాటికి స్వభావం ఒక్కటే: నూటికి తొంభై పాళ్లు అలాగే ఉండాలి, పది పాళ్లు మారాలి. దీనికి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో పేరున్న పద్ధతి ఐడెంటిటీ ట్రాన్స్‌ఫార్మ్. ఏ నోడ్ వచ్చినా దాన్ని కాపీ చేసి లోపలికి దిగు అని ఒక టెంప్లేట్, మారాల్సిన చోటుకి మాత్రం ఇంకొకటి. కాలువకు నీరు వదిలాక మనిషి తూముల దగ్గరే ఉంటే సరిపోతుంది కదా, ఇదీ అంతే. 3.0లో ఆ మొదటి టెంప్లేట్ కూడా రాయక్కర్లేదు. మోడ్ అనే ఆదేశంలో షాలో-కాపీ అని ఒక్క లైను పెడితే సరిపోతుంది.

జావా, సీ నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడ అలవాటు కొద్దీ ఫర్-ఈచ్ (లూప్) లోపల ఫర్-ఈచ్ పెట్టి మొత్తం ఒకే టెంప్లేట్‌లో రాసేస్తుంటారు. పని జరుగుతుంది కానీ, రేపు ఫైల్లో ఊహించని ట్యాగు ఒకటి వస్తే ఆ కోడ్ దాన్ని చూడకుండా దాటిపోతుంది. దానికి బదులు, ఏ ట్యాగుకి తగ్గ టెంప్లేట్‌ని దానికి నడిపించే అప్లై-టెంప్లేట్స్‌కి అలవాటు పడండి. వేరియబుల్‌కి ఒకసారి ఇచ్చిన విలువ మళ్లీ మార్చలేకపోవడం కూడా మొదట్లో టెన్షన్ పెడుతుంది. రికర్షన్ (టెంప్లేట్ తనను తానే పిలుచుకోవడం), గ్రూపింగ్ చేతికొచ్చాక అలా మార్చాల్సిన అవసరమే కనిపించదు.

ఇంకో లాభం ఉంది, దీన్ని జనం తక్కువగా లెక్కేస్తారు. పుస్తకాలకు డాక్‌బుక్, పాత గ్రంథాలకు టీఈఐ, పరిశోధన వ్యాసాలకు జాట్స్ లాంటి ఫార్మాట్లు వాడుతుంటే, వాటికి ఎవరో ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన స్టైల్‌షీట్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఇంపోర్ట్ చేసుకుని, మనకు నచ్చని ఒకట్రెండు టెంప్లేట్లు మాత్రం మన ఫైల్లో తిరగరాస్తే మనదే చెల్లుతుంది. అసలు ఫైళ్లను ముట్టుకోనక్కర్లేదు. పైథాన్‌లో ఈ సౌకర్యం కావాలంటే అంతా మనమే కట్టుకోవాలి.

1.0కీ 3.0కీ మధ్య ఇంత తేడా ఉందా?

ఉంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 ప్రమాణం 1999 నవంబరులో వచ్చింది, ఎడిటర్ జేమ్స్ క్లార్క్. 2.0 వచ్చింది 2007 జనవరిలో, 3.0 వచ్చింది 2017 జూన్‌లో. ఆ రెండింటికీ ఎడిటర్ మైకేల్ కే. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు ఇప్పటికీ 1.0వే. వాటిని చూసి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అంటేనే తలనొప్పి అని వదిలేసినవాళ్లు ఎందరో.

మన జిల్లాల పనే తీసుకుందాం. ఒక పక్క పాత ఫైలు, ఇంకో పక్క ఏ మండలం ఏ కొత్త జిల్లాలోకి వెళ్లిందో చెప్పే పట్టిక. మండలాలన్నీ తీసి, పట్టికలో వెతికి, కొత్త జిల్లాల వారీగా గుంపులు కట్టాలి.

1.0లో గుంపులు కట్టడానికి సూటిగా ఏ ఆదేశమూ లేదు. ఒరాకిల్‌లో పనిచేసిన స్టీవ్ ముయెంచ్ పేరు మీద వచ్చిన ముయెంచియన్ పద్ధతి వాడాలి: ఒక కీ (వెతుక్కోవడానికి సూచిక) పెట్టి, ప్రతి గుంపులో మొదటి నోడ్ ఏదో, నోడ్‌కి ఒక గుర్తు ఇచ్చే జెనరేట్-ఐడీ ఫంక్షన్‌తో పోల్చి పట్టుకోవడం. తెలివైన పద్ధతే, కానీ ఆరు నెలల తర్వాత మన కోడ్ మనకే అర్థం కాదు. పైగా 1.0లో కీ ఫంక్షన్ ప్రస్తుతం మనం ఉన్న డాక్యుమెంట్‌లోనే వెతుకుతుంది. పట్టిక వేరే ఫైల్లో ఉంది కాబట్టి ముందు ఫర్-ఈచ్‌తో ఆ ఫైల్లోకి దూకి, అక్కడ వెతికి, వెనక్కి రావాలి.

2.0 నుంచి గుంపులు కట్టే ఆదేశం ఫర్-ఈచ్-గ్రూప్ ఉంది. కీ ఫంక్షన్‌కి ఎక్కడ వెతకాలో చెప్పే మూడో ఆర్గ్యుమెంటూ ఉంది. అదే పని నాలుగు లైన్లలో అయిపోతుంది, చదివితే ఏం జరుగుతోందో కూడా తెలుస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పట్టికలో లేని మండలానికి, ఏ గుంపో చెప్పే గ్రూప్-బై విలువ ఖాళీగా వస్తుంది. ఖాళీ విలువ వచ్చిన నోడ్ ఏ గుంపులోనూ చేరదు, చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. అందుకని వెతికిన ఫలితం పక్కన "తెలియని జిల్లా" అనే మాట కూడా పెట్టి, ఆ రెండింటిలో మొదటిది తీసుకోమనాలి. అప్పుడు పట్టికలో దొరకని మండలాలన్నీ ఆ పేరు కింద ఒకచోట కనబడతాయి, కూర్చుని సరిచేసుకోవచ్చు.

మనవాళ్లకి పనికొచ్చే ఇంకో తేడా, కామాలు. ధాన్యం బిల్లుల్లో, రొయ్యల మేత ఇన్‌వాయిస్‌ల్లో 1,23,45,678 అని లక్షలు కోట్ల లెక్కలో పడాలి. 2.0 నుంచి ఫార్మాట్-నంబర్‌కి ##,##,##,##0 అని ఇస్తే కామాలు మనం పెట్టిన చోటే పడతాయి. 1.0 ప్రాసెసర్లు (స్టైల్‌షీట్‌ని నడిపించే ప్రోగ్రాములు) సాధారణంగా చివరి కామా దూరాన్నే అంతటా పాటించి 12,345,678 అని ఇస్తాయి. అది ఏ మిల్లులోనూ, ఏ ఆడిటరు దగ్గరా నడవదు.

నేమ్‌స్పేస్ (ఒకే పేరున్న ట్యాగులు కలిసిపోకుండా వాటికి పెట్టే ఇంటిపేరు లాంటిది) సంగతి కూడా చెప్పాలి, కొత్తవాళ్లందరూ జారిపడే చోటు ఇదే. ఫైలు మొదట్లో డీఫాల్ట్ నేమ్‌స్పేస్ ప్రకటన ఉంటే, మామూలుగా రాసిన ట్యాగు పేరు దేనికీ తగలదు. ఏ ఎర్రరూ లేకుండా ఖాళీ ఫైలో, ట్యాగులు రాలిపోయిన ఉత్త టెక్స్టో వస్తుంది. 1.0లో ప్రతి పేరుకీ ప్రిఫిక్స్ తగిలించుకుంటూ పోవాలి. 2.0 నుంచి ఎక్స్‌పాత్-డీఫాల్ట్-నేమ్‌స్పేస్ అని స్టైల్‌షీట్ మొదట్లో ఒకసారి చెబితే చాలు.

మరి 1.0 ఎప్పుడు? డాట్‌నెట్‌లో ముందే ఉన్న ప్రాసెసర్, మైక్రోసాఫ్ట్ ఎంఎస్‌ఎక్స్‌ఎంఎల్, లినక్సులో దొరికే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రోక్, పైథాన్ ఎల్‌ఎక్స్‌ఎంఎల్, ఇవన్నీ 1.0 దగ్గరే ఆగాయి. క్లయింటు సర్వర్‌లో కొత్తది ఇన్‌స్టాల్ చెయ్యనివ్వకపోతే 1.0తోనే నెట్టుకురావాలి. చిన్నచిన్న మార్పులకు అది చాలు కూడా, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రోక్ చాలా వేగంగా పనిచేస్తుంది.

బ్రౌజర్ సంగతి వేరు. ఎక్స్‌ఎంఎల్ ఫైలు పంపి, స్టైల్‌షీట్‌ని బ్రౌజర్‌లోనే నడిపించే పాత పద్ధతిని ఇక కొత్తగా ఎక్కడా మొదలుపెట్టొద్దు. భద్రతా కారణాలతో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని బ్రౌజర్ నుంచి తీసేస్తామని క్రోమ్ బృందం 2025లోనే ప్రకటించింది. అలాంటి పేజీలు మీ దగ్గర నడుస్తుంటే, మార్పిడి సర్వర్ వైపు చేసి తయారైన హెచ్‌టీఎంఎల్ పంపేలా ఇప్పుడే మార్చుకోండి.

3.0కి డబ్బు కట్టాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. మైకేల్ కే స్థాపించిన శాక్సోనికా కంపెనీ తన శాక్సన్ ప్రాసెసర్‌కి శాక్సన్-హెచ్‌ఈ అనే ఉచిత ఎడిషన్ ఇస్తోంది, ఓపెన్ సోర్సే. జావా ఉన్న ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తుంది. జావా వద్దనుకుంటే శాక్సన్-సీ ఉంది, పైథాన్ నుంచి పిప్‌తో తెచ్చుకోవచ్చు. డబ్బు కట్టాల్సింది స్కీమా (ఫైలు ఎలా ఉండాలో చెప్పే నియమాలు) ఆధారిత సౌకర్యాలకూ, ఫైలంతా మెమరీలోకి ఎక్కించకుండా చదువుతూ మార్చే స్ట్రీమింగ్‌కూ.

పైథాన్ ఎక్కడ గెలుస్తుంది

డెల్టాలో ఏ ఇంజనీరింగ్ కాలేజీ బయట నిలబడినా పైథాన్ వచ్చినవాళ్లు పది మంది దొరుకుతారు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ వచ్చినవాళ్లు ఒకరు దొరకడమూ కష్టమే. ఇది చిన్న విషయం కాదు. మీరు వేరే ఊరికి వెళ్లిపోతే ఆ కోడ్ చూసేదెవరు? ఫైలు మొత్తం రికార్డులై, చివరికి ఎక్సెల్‌లోకో డేటాబేస్‌లోకో వెళ్లేదైతే పైథానే రాయండి, స్టైల్‌షీట్ కోసం పట్టుబట్టొద్దు. మధ్యలో ఎస్ఎంఎస్ పంపాలన్నా, వెబ్‌సైట్ నుంచి ఏదైనా తెచ్చుకోవాలన్నా అక్కడే సులువు.

పెద్ద ఫైళ్ల దగ్గరా పైథాన్‌దే పైచేయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మామూలుగా ఫైలంతా మెమరీలోకి చెట్టుగా ఎక్కించుకుంటుంది, ఆ చెట్టు ఫైలు సైజుకి కొన్ని రెట్లు ఉంటుంది. 8 జీబీ లాప్‌టాప్ మీద రెండు మూడు జీబీల ఫైలు పెడితే కదలదు. 3.0లో స్ట్రీమింగ్ ఉంది కానీ శాక్సన్‌లో అది డబ్బు కట్టిన ఎడిషన్‌కే పరిమితం. పైథాన్‌లో ఇటర్‌పార్స్ పెట్టి, ఒక్కో రికార్డు చదివి, పని అయ్యాక దాన్ని ఖాళీ చేసుకుంటూ పోతే ఎంత పెద్ద ఫైలైనా నడుస్తుంది. దాన్ని ముక్కలు చేయడానికి పైథాన్ వాడి, ఒక్కో ముక్కకీ స్టైల్‌షీట్ నడపడం కూడా మంచి పద్ధతే.

ఎలిమెంట్‌ట్రీతో ఫైలు తిరిగి రాసేటప్పుడు రెండు గమనించుకోండి. మామూలుగా చదివితే కామెంట్లు పోతాయి. నేమ్‌స్పేస్ ప్రిఫిక్స్‌లు ముందుగా రిజిస్టర్ చేయకపోతే అసలు పేర్లు పోయి, అదే సొంతంగా ఇచ్చిన నంబర్ల పేర్లు వస్తాయి. అర్థం మారదు కానీ, ఫైలు అందుకున్న క్లయింటు కంగారు పడతాడు.

ఎక్స్‌క్వెరీ గురించి కొంచెమే చెప్పాలి. వందల ఫైళ్లు ఒకచోట వేసి "దాళ్వా పంటకు నీరందని ఊళ్లేవి" లాంటి ప్రశ్నలు అడగడానికి దాన్ని మించింది లేదు. బేస్‌ఎక్స్ ఉచితం, ఇన్‌స్టాల్ చేయడమూ తేలికే. ఎక్స్‌పాత్ (ఫైల్లో కావలసిన చోటును సూచించే రాత) ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకీ దీనికీ ఒకటే కాబట్టి ఒకటి వస్తే రెండోది సగం వచ్చినట్టే. కానీ ఉన్నదంతా ఉంచి కొంచెం మార్చే పనికి అందులో టెంప్లేట్లు లేవు. అప్‌డేట్ సౌకర్యం కొంతవరకు ఆదుకుంటుంది, పేరాల్లోపల మార్పులు ఎక్కువైతే ఇబ్బందే. ఒక ట్యాగు పేరు మార్చడం లాంటి ఒక్క లైను పనికైతే ఇవేవీ వద్దు, ఎక్స్‌ఎంఎల్‌స్టార్లెట్ కమాండ్ సరిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో ఫైండ్-రీప్లేస్ మాత్రం వద్దే వద్దు. "తూర్పు గోదావరి" అన్నచోటల్లా మార్చుకుంటూ పోతే, 2022కి ముందు సంగతి చెప్పే వాక్యాల్లోనూ మారిపోయి చరిత్రే తప్పు అవుతుంది.

తెలుగు ఫైళ్లకు సొంతమైన చిక్కులు

మండలాలను పేర్లతో కలపొద్దు. నిడదవోలు, నిడదవోలె, రాజోలు, రాజోల్ అని ఒక్కో ఫైల్లో ఒక్కోలా ఉంటాయి. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి మండలానికీ, ఊరికీ ఒక కోడ్ ఉంది. మొదటిసారి కష్టపడి ఆ కోడ్‌లు తగిలించుకుంటే తర్వాత జిల్లాలు ఎన్నిసార్లు మారినా పట్టిక మార్చుకుంటే సరిపోతుంది.

పేర్లతోనే కలపక తప్పదంటే, కంటికి కనిపించని అక్షరాల మీద కన్నేయండి. నార్మలైజ్-స్పేస్ ఫంక్షన్ మామూలు ఖాళీలను సర్దుతుంది కానీ, తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత పడే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని ముట్టుకోదు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు కలవకపోతే ముందు దాన్నే అనుమానించి, ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో రెండు వైపులా తీసేయండి.

ప్రెస్సుల నుంచి వచ్చే పాత ఫైళ్లు చాలావరకు అనూ ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కావు. వాటిని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, మనిషి చేత ప్రూఫ్ చూపించాకే ఎక్స్‌ఎంఎల్‌లో పెట్టండి. అక్షరాలు మార్చే పని స్టైల్‌షీట్ మీద వేయొద్దు.

విండోస్‌లో పని చేసేవాళ్లకి ఒక మాట. పాత పవర్‌షెల్‌లో > గుర్తుతో ఫలితాన్ని ఫైల్లోకి పంపితే అది యూటీఎఫ్-16లో పడుతుంది. పై లైనులో మాత్రం యూటీఎఫ్-8 అనే ఉంటుంది. తర్వాత ఆ ఫైలు తెరవబోయిన ప్రోగ్రామ్ మొదటి లైను దగ్గరే ఆగిపోవచ్చు. శాక్సన్‌లోనూ, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రోక్‌లోనూ అవుట్‌పుట్ ఫైలు పేరు ఇచ్చే ఆప్షన్ ఉంది, అదే వాడండి.

అప్పగించే ముందు

ఏ పద్ధతి ఎంచుకున్నా లెక్క సరిచూడకుండా ఫైలు పంపొద్దు. పాత ఫైల్లో మండలాలెన్ని, కొత్త ఫైల్లో ఎన్ని? ఊళ్లెన్ని? రాత ఉన్న ఫైలైతే ట్యాగులన్నీ తీసేసి ఉత్త టెక్స్ట్‌ని రెండు వైపులా పోల్చండి, మనం కావాలని మార్చినచోట తప్ప ఒక్క అక్షరం తేడా రాకూడదు. వాక్యాలు రాలిపోవడం, గుంపులో చేరని మండలాలు మాయం కావడం, రెండూ ఇక్కడే దొరికిపోతాయి. ఈ పరీక్షను కూడా ఎక్స్‌పాత్‌తో ఒక చిన్న ఫైలుగా రాసి పెట్టుకుంటే ప్రతిసారీ పనికొస్తుంది. స్టైల్‌షీట్ పెద్దదైతే ఎక్స్‌స్పెక్ నేర్చుకోండి, ఒక్కో టెంప్లేట్‌కి విడిగా పరీక్ష రాసుకోవచ్చు. స్టైల్‌షీట్‌తో పాటు మండలాల పట్టిక, పరీక్ష ఫైలు, నడిపించిన కమాండ్, ప్రాసెసర్ వెర్షన్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఇవ్వండి.